బడిలో బొమ్మ, పాట, ఆట, నాటకం: కళా విద్యపై తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రభుత్వ బడుల్లో పిల్లలను చదివిస్తున్న తల్లిదండ్రులు, అక్కడ పనిచేస్తున్న ఉపాధ్యాయులు, పాఠశాల యాజమాన్య కమిటీల సభ్యులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటినీ దృష్టిలో పెట్టుకుని సమాధానాలు రాశాను. డబ్బున్న ఇంటి బిడ్డకు సంగీతమో నాట్యమో బయట కొనిపెట్టగలరు. లేనివారి బిడ్డకు దొరికితే బడిలోనే దొరకాలి. అందుకే కళా విద్య పిల్లల హక్కు అని నమ్మి రాస్తున్నాను.

కళా విద్య తప్పనిసరి సబ్జెక్టా? లేక ప్రధానోపాధ్యాయుల ఇష్టమా?

తప్పనిసరే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టంలోని 29వ సెక్షన్ పాఠ్య ప్రణాళిక ఎలా ఉండాలో చెబుతుంది. బిడ్డ సర్వతోముఖ వికాసం, వారిలోని శక్తి, ప్రతిభ ఎదగడం దాని లక్ష్యాలని రాసి ఉంది. అంతకుముందే 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కోసం కళలు, సంగీతం, నృత్యం, నాటకాలపై ఒక ప్రత్యేక బృందం పనిచేసింది. పదో తరగతి వరకు కళలను తప్పనిసరి సబ్జెక్టు చేయాలని సిఫారసు చేసింది. 2020 జూలై 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ విద్యా విధానం పాఠ్యం, సహ పాఠ్యం అనే గోడ ఉండకూడదంది. 2023లో వచ్చిన పాఠశాల విద్య జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కళా విద్యను గణితం, భాషలతో పాటు ఒక పాఠ్య విభాగంగా నిలబెట్టింది.

మన రెండు రాష్ట్రాల్లోనూ నిరంతర సమగ్ర మూల్యాంకనం తెచ్చినప్పుడు కళలు, సంస్కృతి విద్యను సహ పాఠ్య అంశాల్లో ఒకటిగా చేర్చారు. అంటే కాగితం మీద లోటేమీ లేదు. లోటంతా టైమ్ టేబుల్ దగ్గర, టీచరు దగ్గర మొదలవుతుంది.

మా బడిలో డ్రాయింగ్ టీచరు లేరు. ఉండాలని చట్టంలో ఉందా?

ఉంది, కానీ కొన్ని బడులకే. విద్యా హక్కు చట్టం షెడ్యూలు ప్రకారం 6 నుంచి 8 తరగతుల్లో పిల్లల సంఖ్య వంద దాటితే ముగ్గురు పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి: కళా విద్యకు ఒకరు, ఆరోగ్య వ్యాయామ విద్యకు ఒకరు, పని విద్యకు ఒకరు. బడి చదువుకు కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లను ఈ నిబంధన ఆధారంగానే తీసుకుంటున్నారు.

ఈ నిబంధన నుంచి ఎవరు జారిపోతున్నారో చూడండి. వంద మంది లేని బడికి టీచరు రారు. ప్రాథమిక పాఠశాలకు అసలే రారు. ఏజెన్సీ గూడెంలోని బడి, మారుమూల తండాలోని బడి, ప్రైవేటు బస్సులు వచ్చాక పిల్లలు తగ్గిపోయిన ఊరి బడి ఆ లెక్కలోకే రావు. బయట నేర్చుకునే దారి అందరికంటే తక్కువున్న పిల్లలు చదివేది సరిగ్గా ఆ బడుల్లోనే. నా దృష్టిలో కళా విద్యలో ఇదే అన్నిటికంటే పెద్ద అన్యాయం. చుట్టుపక్కల నాలుగైదు చిన్న బడులకు కలిపి ఒక టీచరును వేసి, వారంలో ఒక్కో రోజు ఒక్కో బడికి పంపితే ఇది చాలావరకు తీరుతుంది. దగ్గరి బడులను ఒక జట్టుగా కలిపే స్కూల్ కాంప్లెక్సుల వ్యవస్థ ఇప్పటికే ఉంది కాబట్టి కొత్తగా కట్టాల్సిందేమీ లేదు.

ఇక 'పార్ట్‌టైమ్' అనడంలోనే చిక్కుంది. ఒప్పంద ఉద్యోగం, గౌరవ వేతనం, ఏటా కొనసాగింపు కోసం ఎదురుచూపు. ఇలాంటి స్థితిలో ఉన్న టీచరు తన పీరియడ్‌ను ఎవరైనా అడిగితే కాదనగలరా?

పదో తరగతి ఫలితాలు ముఖ్యం కదా, ఆర్ట్ పీరియడ్‌లో లెక్కలు చెబితే తప్పేమిటి?

నిజానికి తల్లిదండ్రులే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. వారి భయం అర్థమవుతుంది. పదిలో తప్పితే బిడ్డ చదువు ఆగిపోతుందేమోనని, ఆడపిల్లయితే పెళ్లి మాటలు మొదలవుతాయేమోనని ఆ భయం.

కానీ పీరియడ్ ఎవరి దగ్గర తీసుకుంటున్నారో ఆలోచించండి. కార్పొరేట్ బడిలో చదివే పిల్లకు ఆర్ట్ పీరియడ్ పోయినా సాయంత్రం వీణ టీచరు ఇంటికి వస్తారు, ఆదివారం కూచిపూడి క్లాసు ఉంటుంది. ప్రభుత్వ బడిలో ఆ ఒక్క పీరియడ్ పోతే ఆ వారానికి అంతే.

ఎనిమిదో తరగతి పిల్లలకు తెల్లకాగితం ఇచ్చి నచ్చిన బొమ్మ గీయమనండి. రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, కొండల నుంచి దిగే నది, ఒడ్డున గుడిసె, పక్కన వంగిన కొబ్బరి చెట్టు, ఆకాశంలో అంకె మూడును తిప్పి పెట్టినట్లు నాలుగు పక్షులు. తరగతి మొత్తం ఇదే గీస్తుంది. కొండ ఒక్కటీ లేని కోనసీమలోనూ ఇదే, కొబ్బరి చెట్టు కనబడని ఆదిలాబాద్‌లోనూ ఇదే. ఆ పిల్లల కళ్లకు ఊరు కనబడక కాదు. కిటికీలోంచి కనబడే వేపచెట్టును చూసి గీయమని, దాని నీడ ఎటు పడుతోందో గమనించమని ఎనిమిదేళ్లలో ఒక్కరూ చెప్పలేదు. చూడటం, చూసినదాన్ని తన మాటలో, తన గీతలో చెప్పడం అలవాటు లేని పిల్లలు సైన్సులో పటం గీయాలన్నా, తెలుగులో సొంత వాక్యం రాయాలన్నా అక్కడే ఆగిపోతారు. లెక్కల టీచరుకు అదనపు సమయం కావాలంటే దానికి వేరే ఏర్పాటు చేయాలి.

కళలతో బోధన, కళా బోధన ఒకటేనా?

రెండూ వేరు. ఈ తేడా తెలియక చాలా బడులు నష్టపోతున్నాయి.

కళలతో బోధన అంటే వేరే పాఠాన్ని కళ ద్వారా చెప్పడం. ముగ్గు తీసుకోండి. 7 చుక్కలు పెట్టి, 4 వచ్చే వరకు సందు చుక్క పెట్టండి. నడిమి వరుస 7, దానికి రెండు పక్కలా 6, 5, 4. మొత్తం ఎన్ని చుక్కలో ముందే చెప్పమంటే ఆరో తరగతి పిల్లలు వేళ్లు మడుస్తారు, కొట్లాడుకుంటారు, చివరికి 37 అంటారు. 9 చుక్కలతో మొదలుపెట్టి 5 వరకు వస్తే ఎన్ని అని అడిగితే సూత్రం వారే వెతుక్కుంటారు. సౌష్ఠవం అనే పాఠం పుస్తకం తెరవకముందే అర్థమవుతుంది. అద్భుతమైన పద్ధతి, కాదనను.

అయితే ఆ పిల్లలకు ముగ్గును ముగ్గుగా కూడా నేర్పాలి. గీత సన్నగా, ఒకే మందంతో రావడానికి వేళ్ల మధ్య పిండి ఎలా జారాలి, మెలిక ముగ్గులో గీత ఎక్కడా తెగకుండా ఎలా తిప్పాలి అన్నది కళా బోధన. మొదటిది చేస్తున్నాం కాబట్టి రెండోది అక్కర్లేదు, టీచరు కూడా అక్కర్లేదు అనే వాదన అక్కడక్కడ వినిపిస్తోంది. దాన్ని గట్టిగా ఎదిరించాలి.

సీబీఎస్‌ఈ 2019లో రెండూ చెప్పింది: 1 నుంచి 12వ తరగతి వరకు వారానికి కనీసం రెండు పీరియడ్లు కళా విద్యకు కేటాయించాలి, అన్ని సబ్జెక్టుల బోధనలో కళలు కలవాలి. తర్వాత కళలతో కూడిన ప్రాజెక్టు పని పెట్టి, దాన్ని 'ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్' జతలతో, అంటే ఒకరి సంస్కృతిని ఒకరు తెలుసుకోవాలని జతకట్టిన రాష్ట్రాలతో ముడిపెట్టారు. ఆ జతల్లో ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్, తెలంగాణకు హర్యానా వచ్చాయి. మంచి ఆలోచనే. ఆచరణలో చాలాచోట్ల అది అంగట్లో దొరికే రంగుల బొమ్మలు కత్తిరించి చార్టుకు అంటించే పనిగా మారింది. ఆ రాత్రి కత్తెర పట్టుకునేది తల్లి, మార్కులు వచ్చేది చార్టుకు, థర్మోకోలుకు డబ్బు పెట్టగలిగిన ఇంటికి. ప్రాజెక్టు ఏదైనా బడిలోనే, బడి ఇచ్చిన సామానుతోనే చేయించాలని ఉపాధ్యాయులకు నా మనవి.

కొత్తగా కళలకు పాఠ్యపుస్తకాలు వచ్చాయట?

వచ్చాయి. 2024లో జాతీయ స్థాయిలో పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతికి 'బాంసురీ', ఆరో తరగతికి 'కృతి' తెచ్చింది. చిత్రకళ, సంగీతం, నృత్యం, నాటకం నాలుగూ ఒకే పుస్తకంలో ఉంటాయి. ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైటులో ఉచితంగా దించుకోవచ్చు. రాష్ట్ర సిలబస్ బడుల టీచర్లు కూడా అందులోని అభ్యాసాలను నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. పాటలు, బొమ్మల చోట మాత్రం మన పల్లె పాటలు, మన బొమ్మలు పెట్టుకుంటే పిల్లలకు దగ్గరవుతుంది.

గ్రేడు ఎలా ఇవ్వాలి? అందరికీ 'ఏ' వేస్తే సరిపోతుందా?

సరిపోదు. సహ పాఠ్య గ్రేడు ప్రధాన సబ్జెక్టుల ఫలితంలో కలవదు కాబట్టి చాలాచోట్ల ఒక్క సాయంత్రం కూర్చుని రిజిస్టరు నింపేస్తున్నారు. ఒక్కో బిడ్డకు ఒక్కో పాత నోటుపుస్తకం పెట్టి, జూన్‌లో గీసిన బొమ్మను, ఫిబ్రవరిలో గీసిన బొమ్మను పక్కపక్కన చూడండి. బిడ్డ ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చిందో దాన్నిబట్టి గ్రేడు ఇవ్వండి. పక్కవారి బొమ్మతో పోల్చవద్దు.

కుమ్మరి ఇంటి పిల్లవాడిని కుండ చేసి చూపమనడం మంచిదే కదా, వాడి కళను గౌరవించినట్లు కాదా?

దీనికి సమాధానం కాస్త జాగ్రత్తగా చెప్పాలి.

మన దగ్గర కళ చాలావరకు కులంతో ముడిపడి ఉంది. ఒగ్గు కథ, చిందు యక్షగానం, తోలుబొమ్మలాట, కిన్నెర, చేర్యాల పటం వేసే నకాషీ పని, మగ్గం, కుమ్మరి సారె ఇవన్నీ ఫలానా ఇళ్లవారివి అని ఊరంతటికీ తెలుసు. ఆ కళను చూసి చప్పట్లు కొట్టిన ఊరే ఆ మనిషిని గడప అవతల నిలబెట్టింది. అలాంటప్పుడు తరగతిలో లేపి నిలబెట్టి 'నువ్వు ఫలానావాళ్ల పిల్లాడివి కదా, వాయించి చూపు' అంటే, టీచరు గౌరవించాననుకుంటారు. ఆ బిడ్డకు తన కులం అందరి ముందు చెప్పినట్లవుతుంది. మధ్యాహ్నం అన్నం దగ్గర తోటి పిల్లలు ఆ పేరుతోనే పిలుస్తారు. ఇంట్లో ఆ పని వద్దనుకుని చదువుకోవడానికి వచ్చిన బిడ్డకు మళ్ళీ అదే పని చూపించినట్లు కూడా అవుతుంది.

మరి ఆ కళలు బడిలోకి రావద్దా? రావాలి, ఘనంగా రావాలి. పెద్దల ద్వారా, గురువు స్థానంలో రావాలి. కుమ్మరి తాతను బడికి పిలిచి కుర్చీ వేసి, ప్రతిఫలం ఇచ్చి, తరగతిలోని అందరు పిల్లల చేతా మట్టి పిసికించండి. అధికారి పిల్లవాడు, రైతు కూతురు, ఆ తాత మనవడు ఒకే వరుసలో కూర్చుని నేర్చుకోవాలి. మనవడికి తనకు తెలుసని చెప్పాలనిపిస్తే తనే చెబుతాడు.

స్థానిక కళాకారులను బడికి పిలవడానికి అనుమతి ఉందా?

ఉంది. పేరున్న స్థానిక కళాకారులను, చేతిపనివారిని బడుల్లో బోధకులుగా తీసుకోవాలని 2020 విద్యా విధానమే చెప్పింది. 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, చిత్రకారుల దగ్గర పని నేర్చుకోవాలన్నది కూడా అందులోదే. తెలంగాణలో నాలుగో శనివారాలను సంచి లేని రోజులుగా పెట్టారు. ఆంధ్రప్రదేశ్ 2025-26 నుంచి శనివారాలను నో బ్యాగ్ డేగా ప్రకటించింది.

పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్లకే ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పనికి వెళ్తున్నట్లు వార్తలు వచ్చాయి. అలాంటి విద్వాంసులు జిల్లా జిల్లాకూ ఉన్నారు. నెలకు రెండు శనివారాలు బడిలో పాఠం చెప్పించి గౌరవంగా చెల్లిస్తే ఆ ఇల్లు గడుస్తుంది, పిల్లలకు విద్య వస్తుంది. సన్మానంలో శాలువా కప్పి పంపేస్తే రెండూ జరగవు.

మా అమ్మాయి డాన్సు బాగా చేస్తుంది. వార్షికోత్సవంలో చేయనివ్వడానికి ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

ఇంట్లోవారి అభ్యంతరం చాలాసార్లు పాట మీద, దుస్తుల మీద ఉంటుంది. సినిమా పాట బదులు కోలాటమో, బతుకమ్మ ఆటో, గిరిజనుల ధింసా నృత్యమో పెట్టి, తల్లులను ఒకరోజు సాధనకు పిలిస్తే చాలా ఇళ్లలో మాట మారుతుంది. రిహార్సల్ సాయంత్రం పొద్దుపోయే దాకా సాగితే మాత్రం తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. సాధన బడి వేళల్లోనే పెట్టాలి.

వైకల్యం ఉన్న పిల్లల సంగతి?

2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఆటపాటల్లో అందరితో సమానంగా అవకాశం ఇవ్వాలి. అంటే వార్షికోత్సవంలో చక్రాల కుర్చీలోని బిడ్డను ప్రేక్షకుల మొదటి వరుసలో కూర్చోబెట్టడంతో బాధ్యత తీరదు, వేదిక ఎక్కించాలి. చూపు లేని బిడ్డ మందపాటి జిగురుతో గీసి ఆరబెట్టిన ముగ్గును వేలితో చదవగలదు. వినపడని బిడ్డ డప్పు చర్మం మీద అరచేయి పెట్టి దరువు పట్టగలదు.

విజయనగరంలో 1919లో మహారాజా విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టారు. ఆస్థానంలో పనిచేసే ఒకరి చూపు లేని కొడుకు సంగీతం నేర్చుకోవాలని దాన్ని ఆరంభించారని చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్. తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ నేర్పిందీ, ఆ పదవిలో కూర్చున్నదీ అక్కడే. ఒక్క బిడ్డకు తలుపు తెరిస్తే ఎంతమంది లోపలికి వచ్చారో చూడండి.

రంగులు, కాగితాలకు డబ్బెక్కడిది?

సమగ్ర శిక్ష కింద బడికి ఏటా కాంపోజిట్ గ్రాంటు మంజూరవుతుంది. పిల్లలు 30 వరకు ఉంటే 10,000 రూపాయలు, 100 వరకు 25,000, 250 వరకు 50,000, 1,000 వరకు 75,000, ఆపైన లక్ష. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, మరమ్మతులు కూడా అందులోనే కాబట్టి కళలకు మిగిలేది తక్కువ. అయినా కమిటీలో తీర్మానం చేసి కొంత మొత్తం పక్కన పెట్టించవచ్చు.

రంగులు కొనలేనప్పుడు జాజు, సున్నం, బొగ్గు, పసుపు ఉన్నాయి. బడి ప్రహరీ గోడ అంతకంటే పెద్ద కాగితం. ఈ సలహాను ప్రభుత్వం డబ్బు ఇవ్వకపోవడానికి సాకుగా వాడుకోకూడదు.

కళా ఉత్సవ్‌లో ఎలా పాల్గొనాలి?

బడి పిల్లల కోసం 2015లో మొదలైన కళల పోటీ ఇది. 9 నుంచి 12 తరగతుల వారికి. జిల్లా, రాష్ట్రం, జాతీయ స్థాయిలో జరుగుతుంది. ప్రభుత్వ, ఎయిడెడ్, ప్రైవేటు బడులన్నిటికీ అవకాశం ఉంది. జిల్లా విద్యాశాఖ కార్యాలయం నుంచి సర్క్యులర్ వస్తుంది, బడి ద్వారా పేరు ఇవ్వాలి. సర్క్యులర్‌కూ పోటీకీ మధ్య వ్యవధి తక్కువగా ఉంటుంది కాబట్టి ముందే అడిగి పెట్టుకోండి. ఏళ్ల తరబడి గురువు దగ్గర నేర్చుకున్న పిల్లలతో, బడిలో నెల రోజులు సాధన చేసిన పిల్లలు ఒకే వేదిక మీద పోటీ పడతారన్నది మరిచిపోవద్దు. బహుమతి రాలేదని బిడ్డను చిన్నబుచ్చవద్దు.

స్కాలర్‌షిప్ ఏదైనా ఉందా?

కేంద్ర సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం, అంటే సీసీఆర్‌టీ, 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు సాంస్కృతిక ప్రతిభా అన్వేషణ ఉపకార వేతనం ఇస్తుంది. మొత్తం 650. అందులో 125 సంప్రదాయ కళాకారుల కుటుంబాల పిల్లలకు, 100 గిరిజన పిల్లలకు, 20 వికలాంగులకు, 30 సాహిత్య రచనకు కేటాయించారు. ఏడాదికి 3,600 రూపాయలు, గురువుకు కట్టే ఫీజు 9,000 వరకు ఇస్తారు. దరఖాస్తు చేసే ముందు ఆ ఏటి ప్రకటన చూసుకోండి. ఈ సంస్థకు హైదరాబాద్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది, ఉపాధ్యాయులకు తోలుబొమ్మలు, కళలతో బోధనపై శిక్షణ ఇస్తుంది. ఇంత మేలైన పథకం గురించి ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో తెలిసినవారు తక్కువ. ప్రతి ప్రధానోపాధ్యాయుడూ నోటీసు బోర్డు మీద పెట్టాల్సిన సమాచారం ఇది.

బడి బయట తక్కువ ఖర్చుతో ఎక్కడ నేర్చుకోవచ్చు?

ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో. విజయనగరంలో మహారాజా కళాశాల, విజయవాడలో ఘంటసాల పేరిట ఉన్నది, హైదరాబాద్‌లో త్యాగరాజ, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు, వరంగల్‌లో విద్యారణ్య కళాశాలలు ఉన్నాయి. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, డిప్లొమా మరో రెండేళ్లు. ప్రైవేటు క్లాసులతో పోలిస్తే ఫీజు చాలా తక్కువ. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది. ఇవన్నీ పట్టణాల్లోనే ఉన్నాయన్నది నిజం, అందుకే బడి గురించి ఇంతగా అడగాల్సి వస్తోంది.

కళ చదివితే ఉద్యోగం వస్తుందా?

వచ్చే దారులున్నాయి. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలు ఇందుకు పేరున్నవి. డ్రాయింగ్ టీచరు కావాలంటే డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాసి, వేసవిలో 42 రోజుల టీటీసీ, అంటే టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్, శిక్షణ తీసుకోవాలి. గురుకులాల నియామకాల్లో ఆర్ట్, క్రాఫ్ట్, మ్యూజిక్ పోస్టులు వస్తుంటాయి.

ఒక టీచరు కన్ను పడితే ఏమవుతుందో చెప్పడానికి రాజమహేంద్రవరం చాలు. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే తన చుట్టూ చేరిన కుర్రవాళ్లలో దామెర్ల రామారావు గీతను గుర్తుపట్టి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు వెళ్లేందుకు తోడ్పడ్డారు. రామారావు 1925లో, ముప్పై ఏళ్లయినా నిండకుండా కన్నుమూశారు. ఆ కొద్ది కాలంలోనే ఆంధ్ర చిత్రకళకు ఒక దారి వేశారు. గుర్తుపట్టే కన్ను ఆరోజు అక్కడ ఉంది. ఈరోజు ఎన్ని బడుల్లో ఉందో అడగాలి.

పాఠశాల కమిటీలో మేం ఏమి అడగాలి?

విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే. సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం ఆ కమిటీ పని. కాబట్టి బతిమాలుకోనక్కర్లేదు. ఈ నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించండి: టైమ్ టేబుల్‌లో కళలకు వారానికి ఎన్ని పీరియడ్లు ఉన్నాయి, గడిచిన నెలలో వాటిలో ఎన్ని జరిగాయి, గ్రాంటులో కళా సామగ్రికి ఎంత ఖర్చు పెట్టారు, బోధకుల పోస్టు మంజూరైందా లేదా.

జవాబు రాకపోతే?

మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక ప్రతి మీద అందినట్లు సంతకం తీసుకోండి. అప్పటికీ కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, జిల్లా కార్యాలయంలో 10 రూపాయలు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. దరఖాస్తులో ఒక్క బడి గురించే అడగకుండా, మండలంలో 6 నుంచి 8 తరగతుల్లో వంద మందికి పైగా ఉన్న బడులెన్ని, వాటిలో కళా బోధకులు ఉన్నవి ఎన్ని అని అడగండి. మంజూరైన పోస్టులు, ఖాళీలు కూడా బడి పేర్లతో సహా ఇవ్వమని రాయండి.